హెర్షెల్ ఇంటి ఉత్తరాలు చదివిన నా అనుభవం

ఆస్టిన్‌లో టెక్సస్ యూనివర్సిటీ ఆవరణలో హ్యారీ రాన్సమ్ సెంటర్ అని ఒక భవనం ఉంది. పాత రాతప్రతులు, అరుదైన పుస్తకాలు భద్రపరిచే చోటు. ఊరికి చుట్టాలొస్తే గుటెన్‌బర్గ్ బైబిల్ చూపించడానికి నేనూ తీసుకెళ్తుంటాను. 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఎంతో పేరున్న ఖగోళ శాస్త్రవేత్త సర్ జాన్ హెర్షెల్ ఇంటి కాగితాలు అదే భవనంలో ఉన్నాయని మాత్రం చాలాకాలం తెలియలేదు.

తెలిసింది గ్రహణం వల్ల. 2024 ఏప్రిల్ 8న సంపూర్ణ సూర్యగ్రహణం మా వైపు నుంచి వెళ్ళింది. మబ్బులు అడ్డం పడ్డాయి. ఆ వెలితితో పాత గ్రహణాల గురించి చదవడం మొదలుపెట్టాను. మాది గుంటూరు. 1868 ఆగస్టు 18న గుంటూరులో సూర్యుడు అయిదు నిమిషాలకు పైగా పూర్తిగా మూసుకుపోయాడు. ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్, బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరు మేజర్ టెనెంట్ మా ఊళ్ళోనే పరికరాలు పెట్టుకుని చూశారు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ బందరు వెళ్ళాడు. ఇదే గ్రహణాన్ని ఇప్పటి కర్ణాటకలో ఉన్న జమఖండి నుంచి లెఫ్టినెంట్ హెర్షెల్ చూశాడని కూడా చదివాను. ఎవరీ హెర్షెల్ అని వెతికితే, 1781లో యురేనస్‌ను కనిపెట్టిన విలియం హెర్షెల్ మనవడు, సర్ జాన్ హెర్షెల్ కొడుకు అని తేలింది. తండ్రీకొడుకులిద్దరి పేరూ జానే. ఆ తండ్రి ఉత్తరాలు ఎక్కడున్నాయని చూస్తే మా ఇంటికి కారులో వెళ్ళేంత దూరంలో ఉన్నాయి.

సర్ జాన్ 1792లో పుట్టి 1871లో పోయాడు. ఆయన రాసినవీ ఆయనకు వచ్చినవీ కలిపి 14 వేలకు పైగా ఉత్తరాలు దొరికాయి. ఒక్కో ఉత్తరం ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఏ విషయం మీద రాశారో, అసలు ప్రతి ఎక్కడుందో రెండు మూడు వాక్యాల్లో చెప్పే సూచిక ఒకటి పండితులు తయారుచేశారు. అది ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. నా పని అక్కడే మొదలైంది. సైన్సు ఉత్తరాల్లో ఎక్కువ భాగం లండన్‌లో రాయల్ సొసైటీ అనే సైన్సు సంఘం దగ్గర ఉన్నాయి. ఇంటి కాగితాలు చాలావరకు టెక్సస్‌కి వచ్చాయి. ఒకే మనిషి, ఒకే బల్ల మీద, ఒకే సాయంత్రం రాసిన రెండు ఉత్తరాలు సముద్రానికి అటొకటి ఇటొకటి అయ్యాయి. ఆ రెంటినీ మళ్ళీ తేదీల వరసలో పక్కపక్కన పెట్టి చదవాలన్నదే నేను పెట్టుకున్న పని.

లోపలికి వెళ్ళాలంటే ప్రొఫెసరో రీసెర్చ్ స్కాలరో అయి ఉండాలేమోనని కాస్త టెన్షన్ పడ్డాను. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. అలాంటి షరతేమీ లేదు. ఆన్‌లైన్‌లో ఖాతా తెరిచి, కావలసిన పెట్టెల నంబర్లు ముందుగా అడిగి, గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. సంచులు బయట లాకర్లో పెట్టాలి. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. అక్కడి ఉద్యోగి ఫోల్డరు తెచ్చి ముందు పెట్టి, కాగితాల వరస తప్పకుండా ఎలా తిప్పాలో చూపించింది. రెండు వందల ఏళ్ళ నాటి కాగితాన్ని నా చేతికిచ్చి, ఆవిడ తన పనికి తను వెళ్ళిపోయింది. ఆ నమ్మకానికి నాకు ఒళ్ళు పులకరించింది.

ఉత్తరం ముందు ఒక వస్తువు, ఆ తర్వాతే అందులోని మాటలు. 1840కి ముందు ఇంగ్లండ్‌లో తపాలా ఖర్చు దూరాన్ని బట్టి, కాగితాల లెక్కను బట్టి ఉండేది. మామూలుగా అందుకున్నవాళ్ళే కట్టాలి. కవరు పెడితే అది ఇంకో కాగితం కింద లెక్క. అందుకని ఒకే పెద్ద కాగితం మీద రాసి, మడిచి, మధ్యలో మిగిల్చిన ఖాళీ మీద చిరునామా రాసి, లక్కతో ముద్ర వేసేవారు. చిన్నప్పుడు మా ఇంటికి వచ్చే ఇన్‌లాండ్ లెటరు సరిగ్గా ఇలాగే ఉండేది. తొందరగా విప్పితే లక్క అంటుకున్న చోట కాగితం ముక్క ఊడి వస్తుంది, ఆ ముక్క మీద ఉన్న మాటలు పోతాయి. నేను చూసిన ఒక కాగితంలో వాక్యం మధ్యలో చిన్న గుండ్రటి కన్నం ఉంది. మడతకి అవతలి వైపు లక్క మరక ఇంకా ఎర్రగానే ఉంది. పోయిన మాట అక్కడ అంటుకుని ఉంటుందేమోనని కాగితాన్ని వెలుతురుకి కొంచెం వంచి చూశాను. సగం అక్షరం కనిపించింది.

చోటు మిగల్చకుండా రాయడానికి ఆ కాలంవాళ్ళు ఇంకో పని కూడా చేసేవారు. పేజీ నిండాక కాగితాన్ని పక్కకి తిప్పి, రాసిన వరసల మీదుగానే అడ్డంగా మళ్ళీ రాసేవారు. మొదటిసారి చూస్తే గళ్ళ గుడ్డలా కనిపించి ఏమీ అర్థం కాదు. ఒక వరస మీదే చూపు నిలిపి, అడ్డం వచ్చే గీతలను కన్ను పట్టించుకోకుండా చేసుకోవాలి. కాసేపటికి అది అలవాటవుతుంది. ఇంగ్లీషులో ఎస్ అక్షరం వరసగా రెండుసార్లు వస్తే మొదటిదాన్ని పొడుగ్గా, ఎఫ్‌లాగా రాయడం అప్పటి అలవాటు. నెలల పేర్లు, మనుషుల పేర్లు పొట్టి చేసి రాస్తారు. నేను చేసిందేమిటంటే, తేలిగ్గా చదవగలిగిన ఉత్తరం ఒకటి తీసుకుని అందులో ఒక్కో అక్షరం ఎలా ఉందో నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో బొమ్మలా గీసుకున్నాను. తర్వాత కష్టమైన చోటల్లా ఆ పేజీ పక్కన పెట్టుకుని పోల్చాను. చదవలేని మాట వస్తే చతురస్రపు బ్రాకెట్ పెట్టి ఖాళీ వదిలాను. ఊహించి నింపలేదు. కొన్నాళ్ళకు వేరే ఉత్తరంలో అదే మాట తేటగా కనిపించినప్పుడు వెనక్కి వచ్చి నింపడం ఎంత తృప్తినిస్తుందో చెప్పలేను.

నేను ఎక్కువ కాలం ఉండిపోయింది కేప్ ఉత్తరాల దగ్గర. 1833 నవంబరులో జాన్, భార్య మార్గరెట్, ముగ్గురు పిల్లలు ఓడెక్కి 1834 జనవరిలో దక్షిణాఫ్రికాలోని కేప్ చేరారు. తండ్రి విలియం ఉత్తరార్ధ గోళంలో చేసిన పనిని కొడుకు దక్షిణాకాశంలో పూర్తి చేయాలని సంకల్పం. కేప్ టౌన్ బయట ఫెల్ధౌసెన్ అనే ఎస్టేటు తీసుకుని తోటలో ఇరవై అడుగుల టెలిస్కోపు నిలబెట్టారు. అక్కడున్న నాలుగేళ్ళలో ఇంకో ముగ్గురు పిల్లలు పుట్టారు. తర్వాత 1847లో అచ్చయిన ఫలితాల్లో 1,707 నీహారికలు, నక్షత్ర గుచ్ఛాలు, 2,102 జంట నక్షత్రాలు ఉన్నాయి. ఈ లెక్కలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. పగలంతా భార్యాభర్తలిద్దరూ కేప్ పూలను బొమ్మలు వేశారనీ, ఆయన ఎదుటి వస్తువు కాగితం మీద ఉన్నట్టు చూపించే కెమెరా లూసిడా అనే పరికరంతో గీతలు గీస్తే ఆవిడ రంగులు నింపేదనీ, తోటలో నాటిన దుంపలు ఏవి పూశాయో రాసుకునేవారనీ ఇంటి కాగితాలు చదివితేనే తెలుస్తుంది. మార్గరెట్ ఉత్తరాల్లో పిల్లల దగ్గూ జలుబూ, పనివాళ్ళూ, ఆయన రాత్రంతా టెలిస్కోపు దగ్గర ఉన్న సంగతీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. నాలుగేళ్ళు ఒక మనిషి రాత్రుళ్ళు ఆకాశానికి ఇవ్వగలిగాడంటే పగటి ఇల్లు ఎవరు మోశారో ఆవిడ చెప్పకుండానే తెలిసిపోతుంది. లండన్ ఉత్తరాలు మాత్రమే చదివేవాళ్ళకు ఆ మార్గరెట్ కనిపించదు.

ఇక మేనత్త. విలియం చెల్లెలు కరోలైన్ హెర్షెల్ అన్నతో కలిసి ఇంగ్లండ్‌లో దశాబ్దాలు ఆకాశం చూసింది, తోకచుక్కలు కనిపెట్టింది. 1822లో అన్న పోయాక పుట్టిన ఊరు హానోవర్‌కు వెళ్ళిపోయింది. మేనల్లుడు కేప్‌కు బయల్దేరే నాటికి ఆవిడకు 83 ఏళ్ళు. 1833లో ఒక ఉత్తరంలో ఆవిడ ఒక పని అప్పజెప్పింది. టెలిస్కోపు నిలబెట్టగానే వృశ్చికరాశి కింది భాగం చూడు, మీ నాన్న ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ అక్కడికే వెళ్ళి చూసేవాడు, అక్కడేదో మామూలుగా లేదు అని. జాన్ 1834లో జవాబిచ్చాడు: వెతుకుతున్నాను, అందమైన నక్షత్ర గుచ్ఛాలు ఎన్నో కనిపిస్తున్నాయి అని. మేనత్త ఊరుకోలేదు. నేనడిగింది గుచ్ఛాలు కాదు, మీ నాన్న చాలాసేపు మౌనంగా చూసి, ఇక్కడ ఆకాశంలో నిజంగానే ఒక కన్నం ఉంది అని జర్మన్‌లో అన్న మాట నాకు గుర్తుంది అని తిరిగి రాసింది. 1835లో జాన్ రాసిన ఉత్తరంలో, వృశ్చికమంతా జల్లెడ పట్టాను, ఒక్క చిన్న చుక్క కూడా లేని ఖాళీలు చాలాచోట్ల నమోదు చేశాను అని ఉంది. ఒక ప్రశ్నకు సరైన జవాబు రావడానికి దాదాపు రెండేళ్ళు పట్టింది. ఆ ఖాళీలు వెనకున్న చుక్కల వెలుగును అడ్డుకునే దట్టమైన ధూళి మేఘాలని ఇప్పుడు మనకు తెలుసు. అప్పట్లో ఎవరికీ తెలియదు. తెలియకపోయినా వదలకుండా అడిగిన ఆ ముసలావిడ పట్టుదల నాకు ఎంతో నచ్చింది. ఇది సైన్సు ఉత్తరమా, ఇంటి ఉత్తరమా? ఏ పెట్టెలో వేస్తారు దీన్ని?

ఈ మేనత్త ఉత్తరాలు నేను ఎక్కువగా అచ్చులోనే చదివాను. 1876లో ఆవిడ జ్ఞాపకాలు, ఉత్తరాలు కలిపి పుస్తకంగా తెచ్చింది మేరీ హెర్షెల్. ఈ మేరీ ఎవరంటే, జమఖండిలో గ్రహణం చూసిన జూనియర్ జాన్ భార్య. అది తెలిసిన రోజు నాకు ఎక్కడో ముడి పడినట్టనిపించింది.

కేప్‌లో ఉన్నప్పుడే ఇంకో తమాషా జరిగింది. 1835 ఆగస్టులో న్యూయార్క్ పత్రిక ఒకటి, హెర్షెల్ చంద్రుడి మీద గబ్బిలాల్లాంటి రెక్కలున్న మనుషులను చూశాడని కట్టుకథ అచ్చు వేసింది. జనం నమ్మారు. 1837 జనవరిలో జాన్ మేనత్తకు రాసిన ఉత్తరంలో, ఈ చంద్రుడి బూటకం గురించి ఇంగ్లీషు, ఫ్రెంచ్, ఇటాలియన్, జర్మన్ భాషల్లో నలుమూలల నుంచీ నన్ను వేధిస్తున్నారని విసుక్కున్నాడు.

అదే కేప్ నుంచి 1836 ఫిబ్రవరిలో భూగర్భ శాస్త్రవేత్త ఛార్లెస్ లయల్‌కు ఒక పొడుగాటి ఉత్తరం వెళ్ళింది. నశించిన జీవజాతుల స్థానంలో కొత్త జాతులు ఎలా వస్తాయన్నది రహస్యాల్లోకెల్లా రహస్యం అని అందులో హెర్షెల్ రాశాడు. అదే ఏడాది జూన్‌లో బీగిల్ ఓడ మీద వచ్చిన 27 ఏళ్ళ డార్విన్ ఆయన్ని కలిశాడు. ఇరవై మూడేళ్ళ తర్వాత డార్విన్ తన గొప్ప పుస్తకం మొదటి పేరాలోనే, పేరు చెప్పకుండా, మన మహా తత్త్వవేత్తల్లో ఒకరు అన్నట్టు అంటూ ఆ మాట వాడుకున్నాడు. ఆ పుస్తకంలోని జీవపరిణామ సిద్ధాంతం మాత్రం హెర్షెల్‌కు రుచించలేదు. ఆయన దాన్ని అడ్డదిడ్డాల సూత్రమని కొట్టిపారేశాడట అని డార్విన్ నొచ్చుకుంటూ 1859 డిసెంబరులో అదే లయల్‌కు రాశాడు. ముగ్గురి ఉత్తరాలూ తేదీల వరసలో పెట్టుకుంటే ఈ కథ ఎవరూ చెప్పక్కర్లేకుండా అదే నడుస్తుంది.

ఉత్తరం అందిన రోజు ఎంత ముఖ్యమో నెప్ట్యూన్ దగ్గర బాగా అర్థమైంది. ఫలానా చోట చూడండి, కొత్త గ్రహం ఉండాలి అని ఫ్రాన్స్ నుంచి లెవెరియే లెక్క కట్టి రాసిన ఉత్తరం బెర్లిన్ అబ్జర్వేటరీలో గాలె చేతికి అందింది 1846 సెప్టెంబరు 23న. ఆ రాత్రే గ్రహం దొరికింది. అక్టోబరు 1న హెర్షెల్ లివర్‌పూల్‌లో ఉన్న విలియం లాసెల్‌కు, పెద్ద టెలిస్కోపున్న ఔత్సాహికుడికి, ఆ గ్రహానికి ఉపగ్రహాలున్నాయేమో వీలైనంత తొందరగా చూడండి అని రాశాడు. అక్టోబరు 10న లాసెల్‌కు ట్రైటన్ అనే ఉపగ్రహం కనిపించింది. అంతకుముందే ఇంగ్లండ్‌లో ఆడమ్స్ అనే గణితవేత్త కూడా ఇలాంటి లెక్కే కట్టాడు, అది ఎయిరీ, ఛాలిస్ అనే ఇద్దరు ఖగోళ శాస్త్రవేత్తల మధ్య నలిగింది. ఎవరిది ముందన్న గొడవలో అన్ని వైపులా ఉత్తరాలే సాక్ష్యాలు. 1840లో పెన్నీ తపాలా వచ్చి ఇంగ్లండ్ లోపల ఉత్తరం చవకయింది కాబట్టే ఈ వేగం సాధ్యమైందని నా అభిప్రాయం.

ఫొటోగ్రఫీ ఉత్తరాల గురించి క్లుప్తంగా చెప్తాను, వాటి మీద చాలామంది రాశారు. 1839 మొదట్లో డాగెర్ ఫొటో తీసే పద్ధతి కనిపెట్టాడని ఫ్రాన్స్ నుంచి వార్త రాగానే హెర్షెల్ ఇంట్లోనే ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1819లోనే తాను గుణాలు కనిపెట్టిన హైపో అనే రసాయనంతో బొమ్మ చెరిగిపోకుండా నిలపొచ్చని అలాంటి ప్రయోగాలే చేస్తున్న స్నేహితుడు టాల్బట్‌కు దాచకుండా చెప్పేశాడు. నాకు సంతోషమనిపించిన సంగతి ఒకటుంది. నియెప్స్ 1826-27 ప్రాంతంలో తీసిన, మనకు మిగిలిన తొలి కెమెరా ఛాయాచిత్రం అదే రాన్సమ్ సెంటర్‌లో కింద ప్రదర్శనలో ఉంటుంది. చదివి అలసిపోయినప్పుడు కిందికి దిగి ఆ మసక రేకు ముందు కాసేపు నిలబడేవాణ్ణి.

చదవడానికి బరువనిపించినవి 1850 తర్వాతివి. ప్రభుత్వం ఆయన్ని టంకశాల అధిపతిని చేసింది. ఒకప్పుడు న్యూటన్ చేసిన ఉద్యోగం. ఇల్లూ పిల్లలూ కెంట్‌లోని కాలింగ్‌వుడ్‌లో, ఆయన లండన్‌లో. గొప్ప పదవే, కానీ ఆఫీసు తగాదాలు, ఒంటరితనం, అనారోగ్యం ఆయన్ని తినేశాయి. 1855లో వదిలేశాడు. అరవై దాటిన మనిషి భార్యకు రాసుకున్న ఉత్తరాల మీద చెయ్యి వేసేటప్పుడు చదవొచ్చా వద్దా అని నాకు నేనే సర్ది చెప్పుకోవలసి వచ్చింది. చదివాను గానీ వాటిని నోట్‌బుక్‌లోకి ఎక్కించలేదు. తేదీ ఒక్కటే రాసుకున్నాను.

పెద్దకొడుకు విలియం 1853లో బెంగాల్ ఉద్యోగానికి వచ్చాడు. 1858లో జంగిపూర్‌లో రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరు చేత ఒప్పందం మీద అరచెయ్యి ముద్ర వేయించింది ఆయనే. వేలిముద్రల చరిత్ర అక్కడి నుంచి చెప్తారు. చిన్నవాడు జాన్ సర్వే శాఖలో చేరాడు. ఇంగ్లండ్ ఇంట్లో తల్లిదండ్రులు భారతదేశం నుంచి వచ్చే టపా కోసం ఎదురుచూడడం. మా అమ్మానాన్నా గుంటూరులో కూర్చుని అమెరికా ఫోన్ కోసం చూస్తారు. దిక్కు ఒక్కటే మారింది.

1868 గ్రహణం నాటికి సర్ జాన్‌కు 76 ఏళ్ళు. జమఖండిలో కొడుకు స్పెక్ట్రోస్కోపుతో సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగును రంగులుగా విడదీసి, అందులో మెరిసే గీతలు చూశాడు. అంటే ఆ జ్వాలలు వేడికి వెలిగే వాయువు. గుంటూరులో జాన్సెన్‌కూ అవే గీతలు కనిపించాయి. గ్రహణం లేకుండానే వీటిని చూడొచ్చని ఆయనకు అప్పుడే తట్టింది. మర్నాడు పొద్దున్న గుంటూరులోనే చూసేశాడు. ఆ సంగతి రాస్తూ సెప్టెంబరు 19న పారిస్‌కు ఉత్తరం వేశాడు. ఎక్కడి నుంచి? కాకినాడ నుంచి. అది చేరేసరికి అక్టోబరు చివరి వారం. ఈలోగా ఇంగ్లండ్‌లో ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ తనంతట తాను అదే పద్ధతి కనిపెట్టి అక్టోబరు 20న చూశాడు. ఇద్దరి ఉత్తరాలూ ఫ్రెంచ్ సైన్సు అకాడమీలో ఒకే సమావేశంలో చదివారు. ఎవరిది ముందన్న తగువు లేకుండా ఇద్దరి బొమ్మలతో ఒకే పతకం వేయించారు.

ఇప్పుడు నా దగ్గర ఒక స్ప్రెడ్‌షీట్ ఉంది. తేదీ, ఎవరు, ఎవరికి, ఎక్కడి నుంచి, అసలు ప్రతి ఎక్కడుంది, ముఖ్య విషయం. సైన్సుకూ ఇంటికీ వేరు గడులు పెట్టలేదు. 1868 దగ్గరికి వచ్చేసరికి ఊరి గడిలో జమఖండి, గుంటూరు, బందరు, కాకినాడ కనిపిస్తాయి. రాసినవాళ్ళ గడిలో మాత్రం ఒక్క తెలుగు పేరూ లేదు. అప్పటికి విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు కట్టించిన సొంత అబ్జర్వేటరీ ఉంది. ఇదే గ్రహణానికి మద్రాసు అబ్జర్వేటరీ తరఫున చింతామణి రఘునాథాచారి గారు వనపర్తి వెళ్ళారు. అంటే ఇక్కడా చూసినవాళ్ళున్నారు, రాసుకున్నవాళ్ళూ ఉండే ఉంటారు. గుంటూరు, బందరు, కాకినాడ, విశాఖ, వనపర్తి వైపు పాత కుటుంబాలవాళ్ళు ఇది చదువుతుంటే, అటక మీది పెట్టెల్లో ఆ ఏటి ఉత్తరం, దినచర్య, పంచాంగం అంచున రాసుకున్న ముక్క ఏదైనా ఉందేమో ఒకసారి చూడండి. చెదలు పట్టి ఉన్నా సరే, విప్పే ముందు ఫొటో తీసి పెట్టుకోండి. మడతలు బలవంతంగా విప్పొద్దు. చదవడానికి నేను ఓపిగ్గా కూర్చుంటాను.